ఉంచాలా, పంపాలా: ఆత్మహత్యకు ప్రయత్నించిన టీనేజర్ల విషయంలో జూనియర్ సైకియాట్రిస్టులు ఎలా తేల్చుకుంటారు

రాత్రి రెండు దాటింది. ఎమర్జెన్సీలో ఒక మంచం చుట్టూ తెర లాగి ఉంది. లోపల పదిహేనేళ్ల అమ్మాయి. సాయంత్రం ఇంట్లో చేతికందిన మాత్రలు మింగింది. రక్తపరీక్షలు అయ్యాయి, గండం గడిచింది. కేస్ షీట్ చివర ఎమర్జెన్సీ డాక్టరు ఒక్క ముక్క రాసి పక్క పేషెంటు దగ్గరికి వెళ్లిపోయారు: "సైకియాట్రీ చూడాలి." ఆ పిలుపు అందుకుని వచ్చిన డాక్టరు సైకియాట్రీలో రెండో ఏడాది శిక్షణలో ఉన్నారు. సీనియర్ ఇంట్లో ఉన్నారు, ఫోన్ చేస్తే పలుకుతారు. ఈ పిల్లను వార్డులో చేర్చుకోవాలా, ఇంటికి పంపాలా అన్నది తెల్లారేలోగా తేలాలి.

ఈ అమ్మాయి ఊహలోంచి వచ్చిన పిల్లే. అయినా రాత్రి డ్యూటీలు చేసిన ఏ సైకియాట్రిస్టుకైనా ఆమె బాగా తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో 7,27,000 మంది ఆత్మహత్య చేసుకున్నారు. 15 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువారి మరణాలకు కారణాల్లో ఆత్మహత్యది మూడో స్థానం. ప్రయత్నించి బతికినవాళ్ల సంఖ్య దీనికి ఎన్నో రెట్లు. వాళ్లలో ఆసుపత్రిదాకా వచ్చిన చాలామందిని మొట్టమొదట చూసేది ఇలా శిక్షణలో ఉన్న డాక్టర్లే.

తెర పక్కకు జరిపేటప్పుడు జూనియర్ డాక్టరు మనసులో సాధారణంగా ఒక ప్రశ్న ఉంటుంది: ఈ పిల్ల మళ్లీ ప్రయత్నిస్తుందా, చనిపోతుందా? బయట కూర్చున్న తల్లి అడిగేదీ అదే. కానీ దానికి జవాబు చెప్పగల విద్య ముప్ఫై ఏళ్ల అనుభవమున్న ప్రొఫెసర్ల దగ్గర కూడా లేదు. శిక్షణలో మొదట మింగుడుపడాల్సిన నిజం ఇదే, అన్నిటికన్నా ఆలస్యంగా మింగుడుపడేదీ ఇదే.

అమెరికన్ సైకియాట్రిస్టు అలెక్స్ పోకోర్నీ 1983లో ఒక అధ్యయనం ప్రచురించారు. మానసిక చికిత్స కోసం ఆసుపత్రిలో చేరిన 4,800 మంది మాజీ సైనికుల వివరాలన్నీ నమోదు చేసి, వాళ్లను కొన్నేళ్లపాటు గమనించారు. ఆ కాలంలో 67 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆ 67 మందిని ముందే గుర్తుపట్టగలిగేవాళ్లమా అని ఏ జల్లెడతో పట్టి చూసినా చాలామంది జారిపోయారు. ప్రమాదం లేనివాళ్లు మాత్రం వందల్లో ప్రమాదకర జాబితాకెక్కారు. 2017లో జోసెఫ్ ఫ్రాంక్లిన్ బృందం యాభై ఏళ్లలో వచ్చిన 365 అధ్యయనాలను కలిపి చూసింది. మనం నమ్ముకున్న ప్రమాద సూచికలతో వేసే అంచనా, నాణెం ఎగరేసి చెప్పే జోస్యం కన్నా ఏ కాస్తో మెరుగు, అంతే.

దీనికి కారణం డాక్టర్ల తెలివితక్కువతనం కాదు, లెక్కే అలాంటిది. ఎమర్జెన్సీకి వచ్చిన పదివేల మంది పిల్లల్లో ఏడాదిలోగా పదిమంది చనిపోతారనుకుందాం. వందకు ఎనభై సార్లు సరిగ్గా చెప్పే కొలమానం ఒకటి మన చేతిలో ఉందనుకుందాం. అంత మంచి కొలమానం నిజానికి ఎక్కడా లేదు. ఉన్నా ఆ పదిమందిలో ఎనిమిదిమందినే అది పట్టుకుంటుంది. వాళ్లతోపాటు, చనిపోయే ప్రమాదం లేని మరో రెండువేల మందిని కూడా ప్రమాదంలో ఉన్నారని చూపిస్తుంది. అంటే "ఈ పిల్లకు ప్రమాదం ఎక్కువ" అని రాసిన ప్రతి 250 మందిలో ఒక్కరి విషయంలోనే అది నిజమవుతుంది. చనిపోబోయే ఆ పదిమందిలో మిగిలిన ఇద్దరినేమో "ప్రమాదం తక్కువ" అని ఇంటికి పంపేస్తాం. అందుకే బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2022లో నిక్కచ్చిగా చెప్పింది: ఆత్మహత్యను ముందే చెప్పడానికి స్కేళ్లు వాడవద్దు, మనుషుల్ని తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ప్రమాదం అని మూడు డబ్బాల్లో పడేసి దాన్నిబట్టి చికిత్స ఎవరికివ్వాలో తేల్చవద్దు.

జోస్యం కుదరనప్పుడు డాక్టరు చేయగలిగింది ప్రశ్నను మార్చుకోవడం. ఈ రాత్రి, రేపు, ఈ వారం ఈ పిల్ల ఎక్కడ ఉంటే క్షేమంగా ఉంటుంది? అక్కడ తోడు ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు వెతకవచ్చు, అడిగి తెలుసుకోవచ్చు, కొంతవరకు మన చేతులతో మార్చవచ్చు కూడా. పైకి చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ మంచి సైకియాట్రిస్టుగా తయారవడంలో సగం ఈ మలుపులోనే ఉంది.

ముందు పిల్లతో ఒంటరిగా మాట్లాడాలి. ఇది నియమం. తల్లిదండ్రుల ముందు పదిహేనేళ్ల పిల్ల చెప్పే కథ వేరు, వాళ్లు బయటికి వెళ్లాక చెప్పేది వేరు. మాట్లాడే ముందే ఒక షరతు కూడా చెప్పాలి: "నువ్వు చెప్పినవన్నీ నా దగ్గరే ఉంటాయి. నీ ప్రాణానికి ముప్పు ఉన్న సంగతి మాత్రం దాచలేను, అది అమ్మానాన్నలకు చెప్పాల్సిందే." ఈ మాట ముందు చెప్పకుండా తర్వాత చెబితే ఆ పిల్ల ఇంకో డాక్టరును నమ్మదు.

తర్వాత సూటిగా అడగాలి. కొత్త డాక్టర్ల నాలుక ఇక్కడే తడబడుతుంది. "ఏమైనా పిచ్చి ఆలోచనలు వచ్చాయా?" అంటారు. అలా అడిగితే లేదని చెప్పమని పిల్లకు మనమే దారి చూపించినట్టు. "చనిపోవాలనుకున్నావా?" అనే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనన్న భయం అక్కర్లేదు. మాడెలిన్ గూల్డ్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో న్యూయార్క్ రాష్ట్రంలోని 2,342 మంది హైస్కూలు విద్యార్థుల్లో సగంమందిని ఆత్మహత్య గురించి నేరుగా అడిగారు, మిగతా సగాన్ని అడగలేదు. అడిగినవాళ్లలో బాధ గానీ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్ లక్షణాలున్నవాళ్లకు, అంతకుముందు ప్రయత్నించినవాళ్లకు అడిగాక మనసు కాస్త తేలికపడింది.

కొలంబియా స్కేల్ వంటి ప్రశ్నావళులు అసలు పనికొచ్చేది ఇక్కడే. వాటితో జోస్యం చెప్పలేం గానీ ఏ మెట్టూ వదలకుండా అడగగలం. నిద్రలోనే పోతే బాగుండునని అనిపించిందా, చనిపోవాలనే ఆలోచన వచ్చిందా, ఎలా అన్నది ఆలోచించావా, చేయాలన్న ఉద్దేశం ఉందా, ఏర్పాట్లు చేసుకున్నావా అంటూ ఒక్కో మెట్టూ దిగుతూ పోతారు. "ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయి" అని కేస్ షీట్లో రాసేస్తే ఈ మెట్లన్నీ ఒక్క ముద్దలో కలిసిపోతాయి.

ఆపై ఆ సాయంత్రాన్ని నిమిషం నిమిషం విప్పించాలి. అనుభవమున్న సీనియర్లు ఓపికగా చేసేది, జూనియర్లు తొందరలో దాటేసేది ఈ పనే. మన అమ్మాయిని అడిగితే మొదట "గొడవైంది, మింగేశాను" అంటుంది. అక్కడ ఆగిపోతే కథ మొత్తం అంతే. ఆగకుండా అడిగితే వివరాలు ఒక్కొక్కటీ బయటికొస్తాయి. గొడవ నాలుగింటికి అయింది, మింగింది ఏడింటికి. ఆ మూడు గంటలూ ఏం చేసింది? స్నేహితురాలికి మెసేజ్ పెట్టింది, జవాబు రాలేదు. తమ్ముడికి అన్నం పెట్టింది. ఎన్ని మింగితే ఏమవుతుందో వెతకలేదు. తలుపు గడియ పెట్టుకోలేదు. మింగిన పది నిమిషాలకు భయమేసి తనే వంటింట్లోకి వెళ్లి అమ్మకు చెప్పింది. ఇంకో పిల్ల కథలో ఇవే వివరాలు తలకిందులుగా ఉండవచ్చు. వారం ముందే మాత్రలు దాచిపెట్టింది, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుంది, అనుకోకుండా ముందొచ్చిన వాళ్లు చూశారు కాబట్టి బతికింది. ఇద్దరి రక్తపరీక్షలూ ఒకేలా ఉండవచ్చు. మింగిన మోతాదును బట్టి ఉద్దేశాన్ని లెక్కగట్టడం టీనేజర్ల విషయంలో పెద్ద పొరపాటు. ఏది ప్రమాదకరమో వాళ్లకు తెలియదు. ప్రాణం పోతుందని గట్టిగా నమ్మి, హాని చేయని వాటిని మింగిన పిల్ల ఉద్దేశం చిన్నదేమీ కాదు.

చివరగా అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: "ఇప్పుడు బతికున్నందుకు ఎలా అనిపిస్తోంది?" "అమ్మను ఏడిపించాను" అని కళ్లనీళ్లు పెట్టుకునే పిల్లకూ, గోడవైపు తిరిగి "ఏముంది" అనే పిల్లకూ ఆ రాత్రి తేడా ఉంటుంది. తను అందరికీ భారమని, తను లేకపోతే ఇంట్లో వాళ్లు సుఖపడతారని నమ్ముతోందేమో కూడా కనుక్కోవాలి. సైకాలజిస్టు థామస్ జాయినర్ 2005లో ప్రతిపాదించిన సిద్ధాంతంలో ఈ భారమన్న భావనది కీలక స్థానం.

ఇన్ని అడిగినా టీనేజర్ మనసు గాలివాటున మారుతుందని మరవకూడదు. 13 నుంచి 34 ఏళ్ల మధ్య వయసులో, చావు అంచులదాకా వెళ్లి బతికిన 153 మందితో థామస్ సైమన్ బృందం మాట్లాడింది (2001). నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య అయిదు నిమిషాలు కూడా లేవని నలుగురిలో దాదాపు ఒకరు చెప్పారు. ఇలాంటి పిల్లను ఉదయం అడిగితే "నాకేం లేదు" అంటుంది, అబద్ధమూ కాదు. సాయంత్రం ఒక మెసేజ్ వస్తుంది, అంతా తలకిందులవుతుంది. అందువల్ల ఆ క్షణంలో పిల్ల చెప్పిన మాట ఎంత ముఖ్యమో, ఆ చెడ్డ క్షణం మళ్లీ వచ్చినప్పుడు ఆమె చేతికి ఏమి అందుతుందన్నదీ అంతే ముఖ్యం.

అక్కడినుంచి విషయం తల్లిదండ్రుల దగ్గరికొస్తుంది. పెద్దవాళ్ల కేసుల్లోనూ కుటుంబం ముఖ్యమే, పిల్లల కేసుల్లో మాత్రం నిర్ణయంలో సగం కుటుంబమే. చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉన్నా మైనర్ చికిత్సకు మామూలుగా అంగీకారం చెప్పేది పెద్దవాళ్లు. ఇంటికి పంపితే కాపలా ఉండేదీ వాళ్లే. తల్లి "మేం చూసుకుంటాం డాక్టర్ గారూ" అంటుంది. ఆ మాట నమ్మి సంతకం పెట్టించుకుంటే సరిపోదు. ఏం చూసుకుంటారు? ఇంట్లో ఉన్న మందులన్నీ ఈ రాత్రే తాళం వేసి పెడతారా? ప్రమాదకరమైన మిగతా వస్తువులు ఇంట్లోంచి ఎవరు తీసేస్తారు? రేపు ఇంట్లో ఎవరుంటారు, ఎల్లుండి ఎవరుంటారు? రాత్రి పిల్ల ఎవరి పక్కన పడుకుంటుంది? ఇవి అడుగుతుంటే కొందరు తల్లిదండ్రులు వెంటనే లెక్కలు వేసుకోవడం మొదలుపెడతారు, సెలవు ఎవరు పెట్టాలో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. కొందరు మాత్రం "ఇదంతా డ్రామా, రెండు తగిలిస్తే కుదురుకుంటుంది" అంటారు. పిల్లలో ఉద్దేశం అంత బలంగా లేకపోయినా, ఆ రెండో ఇంటికి ఆ రాత్రి పంపడం కష్టం. ఇంట్లో కొడుతున్నారనో, లైంగికంగా హింసిస్తున్నారనో పిల్ల ఒంటరిగా ఉన్నప్పుడు చెబితే ఇంకా కష్టం, అప్పుడు పిల్లల రక్షణ చట్టాల ప్రకారం చేయాల్సినవి వేరే ఉంటాయి.

ఇంత తర్జనభర్జన ఎందుకు, అందర్నీ చేర్చేసుకుంటే పోలేదా? జూనియర్ డాక్టరుకు మూడింటికి నిద్ర కళ్లతో తట్టే ఆలోచన అదే. చేర్చుకోక తప్పని పిల్లలు ఉన్నారు, అందులో సందేహం లేదు. చనిపోవాలన్న ఉద్దేశం ఇంకా వదలనివాళ్లు, చావమని గొంతులు చెబుతున్నాయనేవాళ్లు, తిండీ నిద్రా పోయేంత డిప్రెషన్‌లో కూరుకుపోయినవాళ్లు, ఏ మాటకూ పలకనివాళ్లు, పక్కాగా ఏర్పాట్లు చేసుకుని దైవికంగా బతికినవాళ్లు, చూసుకునే ఇల్లు లేనివాళ్లు. వీళ్లను ఇంటికి పంపకూడదు. కానీ వార్డుకు కూడా ఒక ఖరీదు ఉంది. పిల్ల చదువు ఆగుతుంది, స్నేహితుల్లో మాట పుడుతుంది, తెలియనివాళ్ల మధ్య తలుపులు వేసిన చోట రాత్రుళ్లు గడపాలి. కొందరు పిల్లలు తోటి పేషెంట్ల నుంచి గాయం చేసుకునే కొత్త పద్ధతులు నేర్చుకుంటారు. "నిజం చెబితే బంధిస్తారు" అన్న పాఠం నేర్చుకుంటే, ఇకమీదట నిజం చెప్పరు. అన్నిటికన్నా పెద్ద నష్టం అదేనేమో.

ఆసుపత్రిలో చేర్చితే ఆత్మహత్యలు తగ్గుతాయని గట్టిగా రుజువు చేసిన పరిశోధన కూడా లేదు. డేనియల్ చుంగ్ బృందం 2017లో వంద అధ్యయనాలను కలిపి చూస్తే, సైకియాట్రీ వార్డు నుంచి డిశ్చార్జ్ అయిన తర్వాతి మొదటి మూడు నెలల్లో ఆత్మహత్యల రేటు అత్యధికంగా కనిపించింది, ఏడాదికి లక్షమందికి 1,132 లెక్కన. ఇవి ప్రధానంగా పెద్దవాళ్ల లెక్కలు, పైగా జబ్బు ముదిరినవాళ్లనే చేర్చుకుంటారు కాబట్టి తప్పు వార్డుదని అనలేం. అయినా వార్డులో గడిపిన వారం మొత్తం ప్రమాదాన్ని తీసేయదనీ, కొంత ప్రమాదం డిశ్చార్జ్ రోజున గేటు బయట కాచుకుని ఉంటుందనీ తెలుస్తుంది. స్టాన్లీ హ్యూయీ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రిలో చేర్చడం అవసరమని తేలిన 156 మంది పిల్లల్లో కొందరికి ఆసుపత్రి వైద్యం, కొందరికి ఇంటికే వెళ్లి కుటుంబమంతటితో పనిచేసే చికిత్స ఇచ్చింది. ఏడాది తర్వాత చూస్తే ప్రయత్నాలు బాగా తగ్గింది ఇంటి చికిత్స అందిన పిల్లల్లో. అలాంటి బృందం అందుబాటులో ఉన్న చోట జూనియర్ డాక్టరు చేతిలో మూడో దారి ఉంటుంది. లేని చోట ఉంచడం, పంపడం అన్న రెండే మిగులుతాయి, అడకత్తెరలో పోకచెక్క పరిస్థితి.

ఇక డాక్టరు భయం సంగతి. దీని గురించి వార్డు రౌండ్లలో మాట్లాడరు, మాట్లాడాలి. పంపిన పిల్లకు ఏమైనా అయితే తన పేరు, తన సంతకం ఉంటాయి. చేర్చుకున్న పిల్లకు జరిగే నష్టం మీద ఎవరూ విచారణ పెట్టరు. ఈ తూకం మొదటినుంచే ఒకవైపు ఒరిగి ఉంది. జరిగిపోయాక "ముందే తెలియాల్సింది" అనడం మనిషి మనసుకు ఎంత తేలికో బరూక్ ఫిష్‌హాఫ్ 1975లోనే ప్రయోగాలతో చూపించారు. జూనియర్లకు ఆ పరిశోధన తెలియకపోవచ్చు గానీ ఆ చూపుడువేలు ఎలా ఉంటుందో తెలుసు. కిందటి నెల ఒక చెడు వార్త విన్న డాక్టరు ఈ నెల అందర్నీ చేర్చుకుంటారు. దీనికి ఎదురు దిక్కున ఇంకో ప్రమాదముంది. చేయి కోసుకుని ఏడోసారి వచ్చిన పిల్లను చూడగానే "మళ్లీనా" అనిపిస్తుంది. ఆ విసుగును "ప్రమాదం తక్కువ" అని తర్జుమా చేసి కేస్ షీట్లో రాసేస్తారు. గాయం చేసుకున్న ప్రతిసారీ నొప్పి మీద, చావు మీద భయం కొంత తగ్గుతుందని జాయినర్ సిద్ధాంతం చెబుతుంది. ఏడోసారి వచ్చిన పిల్లను మొదటిసారి వచ్చినంత శ్రద్ధగా చూడాలి.

సీనియర్‌కు ఫోన్ చేయడం అందుకే మొక్కుబడి కాకూడదు. ఫోన్లో జూనియర్లు తరచూ తీర్పును ముందు చెప్పి, దానికి సరిపోయే వివరాలు తర్వాత పేరుస్తారు. మంచి సీనియర్ దాన్ని పక్కన పెట్టించి రెండు సంగతులు అడుగుతారు. "పంపాలంటే నీకు ఏ వివరం అడ్డొస్తోంది?" "ఆ వివరం ఈ రాత్రే మార్చగలమా?" మందులు ఇంట్లో ఉన్నాయన్నది అడ్డమైతే తండ్రిని ఇప్పుడే ఇంటికి పంపి తాళం వేయించవచ్చు. పిల్ల సగం నిద్రలో ఉండి సరిగ్గా మాట్లాడలేకపోతే పొద్దున్నదాకా పిల్లల వార్డులో ఉంచి, తెలివిలోకి వచ్చాక మళ్లీ మాట్లాడవచ్చు. బ్రిటన్‌లో 2004 నాటి మార్గదర్శకాలు స్వయంగా గాయం చేసుకున్న పిల్లల్ని మామూలుగా ఒక రాత్రి పిల్లల వార్డులోనే ఉంచి, మర్నాడు పూర్తిగా పరీక్షించమన్నాయి. రెండు కొసల మధ్య నిజాయితీగా వాడుకోదగ్గ దారి ఇది. ఇలా అడిగాక కూడా అడ్డొచ్చే వివరం ఏదీ మిగలకుండా, కడుపులో గుబులు మాత్రమే మిగిలితే, ఆ గుబులు ఎవరిదో తేల్చుకోవాలి. కొన్నిసార్లు అది పిల్ల ముఖంలో డాక్టరు చూసి ఇంకా మాటల్లో పెట్టలేకపోయినది, అప్పుడు తిరిగి తెర లోపలికి వెళ్లాలి. కొన్నిసార్లు అది కిందటి నెల వార్త.

పంపడమంటే వదిలేయడం కాదు, అదీ చికిత్సే. ఒకప్పుడు "నేను చనిపోను" అని కాగితం మీద రాయించుకునేవారు. ఆ ఒప్పందాలు ప్రాణాలు కాపాడాయనడానికి ఆధారం లేదు. డాక్టరు మనసుకు అవి ఊరట, పిల్ల నోటికి తాళం. వాటి స్థానంలో ఇప్పుడు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన సేఫ్టీ ప్లాన్ వాడతారు. ఆ చెడ్డ క్షణం వస్తోందని నీకు ఎలా తెలుస్తుంది, అప్పుడు ఏం చేస్తే మనసు మళ్లుతుంది, ఎవరి దగ్గరికి వెళ్తావు, ఎవరికి ఫోన్ చేస్తావు, ఇంట్లో ఏవి దూరంగా పెట్టాలి అన్నవి పిల్ల సొంత మాటల్లో రాయిస్తారు. 2018లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో, ఎమర్జెన్సీకి వచ్చిన 1,640 మంది పెద్దవాళ్లలో ఈ ప్లాన్‌తోపాటు తర్వాత ఫోన్లు కూడా అందినవారిలో ఆరునెలల్లో ఆత్మహత్యకు సంబంధించిన చేష్టలు 45 శాతం తక్కువ. జెరోమ్ మోటో, అలన్ బాస్ట్రమ్ 2001లో చెప్పిన సంగతి ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. డిశ్చార్జ్ తర్వాత చికిత్సకు రానన్న 843 మందిలో కొందరికి ఏళ్లతరబడి చిన్న ఉత్తరాలు పంపారు. ఎలా ఉన్నారో కనుక్కునే రెండు మూడు వాక్యాలు, మరేమీ అడగలేదు. ఉత్తరాలు అందినవారిలో మొదటి రెండేళ్లలో ఆత్మహత్యలు తగ్గాయి.

మన అమ్మాయి ప్లాన్‌లో "ఏం చేస్తే మనసు మళ్లుతుంది" అన్న చోట మొదట "ఏమీ లేదు" అని రాసింది. డాక్టరు దాన్ని కొట్టేయలేదు, పక్కనే కూర్చున్నారు. కాసేపటికి కింద ఇంకో వాక్యం చేరింది: "తమ్ముడికి లెక్కలు చెప్పడం." ఎవరికి ఫోన్ చేస్తావన్న చోట స్నేహితురాలి పేరు రాసి, జవాబు రాని ఆ మెసేజ్ గుర్తొచ్చి కొట్టేసి, పిన్ని పేరు రాసింది. పిన్నికి అప్పుడే ఫోన్ చేయించారు. నాలుగున్నరకు ఆవిడ నిద్రమత్తులో ఎత్తింది, తెల్లారేసరికి వస్తానంది. తండ్రి ఇంటికి వెళ్లి మందుల పెట్టెకు తాళం వేసి తిరిగొచ్చాడు. సీనియర్ అంతా విని, పిల్లను ఉదయం ఇంకోసారి చూశాకే పంపమన్నారు.

ఆరింటికి డాక్టరు కేస్ షీట్ రాశారు. పిల్ల ఏం చెప్పింది, తల్లి ఏం చెప్పింది, ఇద్దరి మాటల్లో తేడా ఎక్కడ, చేర్చుకోవడం గురించి ఆలోచించి ఎందుకు వద్దనుకున్నారు, ఇంట్లో ఏ ఏర్పాట్లు జరిగాయి. చివర రెండు వాక్యాలు. "పిన్ని రాకపోయినా, పిల్ల మాట్లాడటం మానేసినా, మళ్లీ చనిపోవాలని ఉందని చెప్పినా చేర్చుకోవాలి. రేపు మధ్యాహ్నం ఫోన్, ఎల్లుండి పదింటికి క్లినిక్." ఆ ఫోన్ ఎవరు చేయాలన్న చోట తన పేరే రాసుకున్నారు.